గామా కిరణ ఖగోళ శాస్త్రం: 41 వేల సైటేషన్లున్న గైడా, 1,100 ఉన్న గైడా?

ప్రశ్న క్లుప్తంగా: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్న ఒకరు గామా కిరణ ఖగోళ శాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారు. ఇద్దరు గైడ్‌ల దగ్గర అవకాశం ఉంది. ఒకరి ప్రొఫైల్‌లో 420 పేపర్లు, 41,000 సైటేషన్లు (ఇతర పేపర్లు వాటిని ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ 95. ఇంకొకరికి 45 పేపర్లు, 1,100 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 17. "మొదటివారు అంత గొప్పవారా? రెండోవారి దగ్గర చేరితే నా కెరీర్ దెబ్బతింటుందా? చాలా టెన్షన్‌గా ఉంది" అని అడిగారు.

సమాధానం:

ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. ఈ అంకెలను బట్టి మొదటివారు గొప్పవారనీ చెప్పలేం, కారనీ చెప్పలేం. రెండోవారి విషయమూ అంతే. చాలా ఏళ్ళుగా ఈ రంగంలో డేటా అనాలిసిస్ చేస్తున్నాను, పీహెచ్‌డీ ఇంటర్వ్యూ కమిటీల్లోనూ కూర్చున్నాను. నాకు అర్థమైనంతలో, మన రంగంలో మొత్తం సైటేషన్ల సంఖ్య చెప్పేది ముఖ్యంగా ఒక్క విషయమే: ఆ మనిషి ఏ టెలిస్కోప్ బృందంలో, ఏ సంవత్సరాల్లో ఉన్నారన్నది. ఆయన స్వయంగా ఏం చేశారో తెలియాలంటే ఇంకోచోట వెతకాలి. ఎక్కడ వెతకాలో చెబుతాను.

మొదట ఇంత పెద్ద అంకెలు ఎలా వస్తాయో చూద్దాం. అణు పరీక్షలను కనిపెట్టడానికి అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలు 1967లో అంతరిక్షం నుంచి వచ్చిన గామా విస్ఫోటాన్ని నమోదు చేశాయి. ఇలాంటి విస్ఫోటాలు ఉన్నాయని 1973లో లోకానికి చెప్పిన పేపర్ మీద ఉన్నవి మూడు పేర్లే: క్లేబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయిన గురుత్వ తరంగాలు భూమిని చేరాయి, 1.7 సెకన్ల తర్వాత గామా కిరణాలు వచ్చాయి. ఆ సంఘటన మీద అన్ని బృందాలూ కలిసి రాసిన పేపర్‌లో 3,000 మందికి పైగా రచయితలున్నారు. ఆ పేపర్‌కు వచ్చే ప్రతి సైటేషనూ ఆ 3,000 మందిలో ప్రతి ఒక్కరి ప్రొఫైల్‌లోనూ పూర్తిగా ఒకటిగా చేరుతుంది. ఉమ్మడి కుటుంబం ఆస్తి మొత్తాన్ని ఒక్కొక్కరి పేరు మీదా రాసి చూపించినట్టు ఉంటుంది ఆ లెక్క.

గామా కిరణాలను చూసే ఫెర్మి ఉపగ్రహాన్ని తీసుకుంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అది 2008 జూన్ 11న పైకి వెళ్ళింది. దానిమీద ఉన్న ప్రధాన పరికరం లాట్, సుమారు మూడు గంటలకొకసారి ఆకాశమంతా చూసేస్తుంది. ఆ పరికరం ఎలా పనిచేస్తుందో వివరిస్తూ 2009లో వచ్చిన పేపర్‌కు వేలల్లో సైటేషన్లున్నాయి. ఎందుకంటే లాట్ డేటాతో ఎవరు ఏం రాసినా మొదటి పేజీలో దాన్ని ఉదహరించడం ఆనవాయితీ. కేటలాగులూ అంతే. ఫెర్మికి ముందు పనిచేసిన కాంప్టన్ ఉపగ్రహంలోని ఎగ్రెట్ పరికరం 1999లో ఇచ్చిన మూడో జాబితాలో ఉన్న గామా వనరులు 271. ఎనిమిదేళ్ళ ఫెర్మి డేటాతో 2020లో వచ్చిన నాలుగో కేటలాగులో 5,064. మీరు రేపు ఏదైనా ఒక బ్లేజార్ (మన వైపు జెట్ చిమ్మే గెలాక్సీ కేంద్రం) మీద పనిచేస్తే, అది ఎక్కడుంది, ఎంత ప్రకాశంగా ఉంది, దాని స్పెక్ట్రమ్ వాలు ఎంత అనేవి ఈ కేటలాగు నుంచే తీసుకుంటారు, తీసుకున్నాక సైట్ చేస్తారు. రేడియో ఖగోళం చేసేవాళ్ళు, న్యూట్రినోల మీద పనిచేసేవాళ్ళు, కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) కోసం వెతికేవాళ్ళు, అందరూ అదే చేస్తారు. కాబట్టి లాట్ రచయితల జాబితాలో తొలి పదేళ్ళు ఉన్నవారి హెచ్-ఇండెక్స్ చాలా ఎక్కువగా కనిపించడం సహజం. అందులో అనుమానించాల్సింది ఏమీ లేదు.

హెచ్-ఇండెక్స్ అంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించాడు: కనీసం 17 సైటేషన్లున్న పేపర్లు 17 ఉంటే హెచ్ విలువ 17. అది ఎప్పటికీ తగ్గదు, పని మానేసినా పెరగవచ్చు. పేపర్ మీద ఎంతమంది ఉన్నారో దానికి పట్టదు. అందుకే 300 మంది రాసే మన రంగంలో, ఇద్దరు ముగ్గురు రాసే సిద్ధాంత రంగంలో ఆ అంకెకు అర్థం ఒకటి కాదు.

ఇప్పుడు పెద్ద బృందాల పేపర్ల మీద ఉన్నవి ఊరికే వచ్చిన పేర్లు అనుకోకండి. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కుర్రవాళ్ళు మొదటి భ్రమ తొలగగానే రెండో భ్రమలో పడతారు. లాట్ పరికరాన్ని అమెరికా, ఇటలీ, జపాన్, ఫ్రాన్స్, స్వీడన్ వాళ్ళు కలిసి ఏళ్ళ తరబడి కట్టారు. ఒకరు సిలికాన్ డిటెక్టర్ల అమరికను పరీక్షించారు, ఒకరు సిములేషన్ రాశారు, ఇంకొకరు కాస్మిక్ కిరణాల నుంచి గామా కిరణాలను వేరు చేసే పద్ధతిని మెరుగుపరిచారు. వీళ్ళు లేకపోతే ఆ 5,064 వనరులూ లేవు. అలాంటివారికి ఆ శ్రమకు దక్కే గుర్తింపు రచయితల జాబితాలో ఒక పేరు మాత్రమే. ఆ పేరు వాళ్ళు కష్టపడి సంపాదించుకున్నదే.

మన దగ్గరి ఉదాహరణ చెబుతాను. లడఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,300 మీటర్ల ఎత్తున, 21 మీటర్ల వ్యాసం ఉన్న మేస్ అనే గామా కిరణ టెలిస్కోప్ ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రం, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, మరికొన్ని భారతీయ సంస్థలు కలిసి కట్టాయి. 2024 అక్టోబర్‌లో ప్రారంభోత్సవం జరిగింది. దాని కెమెరాలో అతి మసక వెలుగునూ పట్టే ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు 1,088 ఉన్నాయి. ఆ ఎత్తులో, ఆ చలిలో, ఆ గాలిలో, అంత పెద్ద అద్దాల పళ్ళెం సరిగ్గా కావలసిన బిందువు వైపు తిరిగి నిలబడాలి. ఆ డ్రైవ్ వ్యవస్థ మీద, అద్దాల అమరిక మీద, ట్రిగ్గర్ ఎలక్ట్రానిక్స్ మీద రాసే పేపర్లు పరికరాల జర్నల్స్‌లోనో, కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లోనో వస్తాయి. వాటికి పది ఇరవై సైటేషన్లొస్తే గొప్ప. మీరు చెప్పిన రెండో గైడ్ ఇలాంటి పనిచేసే మనిషైతే, 1,100 అనేది చాలా మంచి అంకె. అందుకే ఆయన ఏ పని చేస్తారో తెలియకుండా మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేను.

సరే, ఒక ప్రొఫైల్ లోపలికి ఎలా వెళ్ళాలి? గూగుల్ స్కాలర్‌తో ఆగిపోవద్దు. నాసా నిధులతో నడిచే ఏడీఎస్ (ADS) అనే డేటాబేస్ ఉచితం, ఖగోళ శాస్త్రంలో అందరూ వాడేది అదే. అందులో పేరు వెతికి, మొదట రిఫరీడ్ పేపర్లు, అంటే ఇతర నిపుణులు పరిశీలించాక అచ్చయినవి, మాత్రమే చూపించమనండి. చాలాసార్లు ఇక్కడే 420 కాస్తా బాగా తగ్గిపోతుంది. కారణం ఉంది. గామా విస్ఫోటాల మీద పనిచేసేవాళ్ళు కొత్త విస్ఫోటం కనిపించగానే జీసీఎన్ సర్క్యులర్ అని ఒక చిన్న ప్రకటన పంపుతారు. ఫలానా సమయంలో, ఫలానా దిశలో, ఇంత తీవ్రతతో కనిపించింది అని కొన్ని పేరాలు. మిగతా టెలిస్కోపులు వెంటనే అటు తిరగడానికి అది చాలా అవసరమైన సమాచారం. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని సీజెడ్‌టీఐ అనే పరికరం బృందం కూడా ఇలాంటి సర్క్యులర్లు క్రమం తప్పకుండా పంపుతుంది. 2022 అక్టోబర్ 9న వచ్చిన అసాధారణ విస్ఫోటం అప్పుడైతే ఇవి వరదలా వచ్చాయి. ఏడీఎస్ వీటిని కూడా ఎంట్రీలుగా చూపిస్తుంది. ఒక మనిషి పేరు మీద వందలాది సర్క్యులర్లుంటే, అది నిద్ర మానుకుని చేసిన డ్యూటీకి గుర్తే గానీ, అవి వందలాది పరిశోధన పత్రాలు కావు. కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌ది కూడా దాదాపు ఇదే కథ. రెండేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ కాస్మిక్ కిరణాల సదస్సు (2005లో మన పుణేలో జరిగింది) ఒక్కోదానిలోనూ ఒక్కో బృందం నుంచి బోలెడు వ్యాసాలు వస్తాయి.

ఆ తర్వాత పేరు ముందు ^ గుర్తు పెట్టి వెతకండి. అప్పుడు ఆయన మొదటి రచయితగా ఉన్న పేపర్లు మాత్రమే వస్తాయి. కానీ ఇక్కడొక జాగ్రత్త అవసరం. మన రంగంలో పెద్ద బృందాల పేపర్లలో పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి. నమీబియాలోని హెస్ టెలిస్కోప్ బృందం తొలి ఏళ్ళలో రాసిన పేపర్లన్నీ "అహరోనియన్ తదితరులు" అని సైట్ అవుతాయి. ఫెర్మివి చాలా "అబ్దో తదితరులు". ఇంటిపేరు ముందు అక్షరాల్లో ఉండటం వల్ల ఆ పేరు మొదట వచ్చింది, అంతే. (ఫెలిక్స్ అహరోనియన్ సొంతంగా ఈ రంగంలో చాలా పెద్ద సిద్ధాంతవేత్త, అది వేరే సంగతి. దానికి ఆధారం ఆయన తక్కువ మందితో రాసిన పేపర్లు.) కాబట్టి బృందం పేపర్లలో మొదటి పేరు కాదు, కరెస్పాండింగ్ ఆథర్ ఎవరో చూడాలి. మొదటి పేజీ అడుగునో, పేర్ల పక్కన నక్షత్రం గుర్తుతోనో ఇద్దరి నుంచి నలుగురి పేర్లు ఉంటాయి. చాలా బృందాల్లో అనాలిసిస్ నడిపింది, డ్రాఫ్ట్ రాసింది, లోపలి రిఫరీలతో నెలల తరబడి వాదించింది వాళ్ళే. 420 పేపర్లున్న మీ మొదటి గైడ్ వీటిలో ఎన్నిటికి కరెస్పాండింగ్ ఆథరో లెక్కపెట్టండి. పదిహేను ఉన్నాయంటే నేను ఆయనకు నమస్కారం పెడతాను. ఈ లెక్క ఏ వెబ్‌సైటూ తయారుగా ఇవ్వదు, పీడీఎఫ్‌లు తెరిచి మీరే చూడాలి. ఒక సాయంత్రం పని. ఐదేళ్ళ జీవితాన్ని నిర్ణయించే విషయానికి ఆమాత్రం సమయం పెట్టవచ్చు.

ఏడీఎస్‌లో నార్మలైజ్డ్ సైటేషన్లు అని ఇంకో అంకె కూడా ఉంటుంది. సైటేషన్లను రచయితల సంఖ్యతో భాగిస్తుంది. 250 మంది రాసిన పేపర్‌కు 1,000 సైటేషన్లుంటే ఒక్కొక్కరి వాటా 4. ఇద్దరు గైడ్‌లకూ ఇది చూడండి, తేడా సుమారు నలభై రెట్ల నుంచి ఎంతకు దిగుతుందో మీకే తెలుస్తుంది. కాకపోతే దీన్నే వేదంగా పట్టుకోవద్దు. పదేళ్ళు డిటెక్టర్ కట్టిన మనిషికీ, చివర్లో చేరిన మనిషికీ ఇది ఒకే 4 ఇస్తుంది.

ఇక చిన్న బృందాల పేపర్లు. నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. ఫెర్మి డేటా 2009 ఆగస్టు నుంచి ప్రపంచంలో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా తెరిచారు. మరుసటి ఏడాదే సూ, స్లాటియర్, ఫింక్‌బైనర్ అనే ముగ్గురు, లాట్ బృందం బయట ఉండి, అదే డేటాతో మన పాలపుంత కేంద్రానికి పైనా కిందా ఒక్కొక్కటి సుమారు 25,000 కాంతి సంవత్సరాల వరకు విస్తరించిన రెండు బుడగలను చూపించారు. ఫెర్మి బుడగలు అంటే అవే. 2014లో ఆ ముగ్గురికీ ఈ రంగంలో పేరున్న బ్రూనో రోసీ బహుమతి వచ్చింది. ఇక్కడ ఎవరు చేశారన్న ప్రశ్నే ఉండదు. ఏ గైడ్ ప్రొఫైల్‌లోనైనా ఐదుగురికి మించని రచయితలతో, వేరువేరు బృందాలవాళ్ళు సైట్ చేసిన పేపర్లు నాలుగైదు ఉంటే, ఆ మనిషికి తనదంటూ ఒక ఆలోచన ఉందని నేను నమ్ముతాను. రెండోవారి 45లో ఇలాంటివి ఎన్నో చూడండి.

అలాగని సైటేషన్లు ఎక్కువుంటే ఫలితం నిలబడిందని కూడా అర్థం కాదు. 2012లో వెనిగర్ అనే శాస్త్రవేత్త ఒక్కడే రాసిన పేపర్ ఒకటి ఉంది. పాలపుంత కేంద్రం దిశలో 130 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల శక్తి దగ్గర స్పెక్ట్రమ్‌లో ఒక సన్నని గీత లాంటిది కనిపిస్తోందని, అది కృష్ణ పదార్థం సంకేతం కావచ్చని రాశాడు. ప్రపంచమంతా దాని మీద పడింది, వందల పేపర్లు వచ్చాయి. తర్వాత డేటా పెరిగింది, లాట్ బృందం మెరుగైన విశ్లేషణ చేసింది, ఆ గీత ప్రాముఖ్యం కరిగిపోయింది. ఆయన మొదట్నుంచీ ఇది తాత్కాలిక సూచన మాత్రమేనని టైటిల్‌లోనే రాశాడు, పద్ధతి కూడా జాగ్రత్తగానే ఉంది. నేనైతే దాన్ని మంచి శాస్త్రం అంటాను. సైటేషన్ లెక్క మాత్రం నిలబడ్డదానికీ నిలబడనిదానికీ తేడా చూపదు. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, ఏమీ దొరకలేదని చెప్పి పేరు తెచ్చుకున్న పేపర్లూ ఉన్నాయి. 2015లో లాట్ బృందం 15 మరుగుజ్జు గెలాక్సీలను ఆరేళ్ళ డేటాతో వెతికి, కృష్ణ పదార్థం సంకేతం లేదని చెప్పింది. ఆ ఫలితం పెట్టిన పరిమితులకు లోబడకుండా కృష్ణ పదార్థం మీద ఏ సిద్ధాంతమూ రాయలేరు కాబట్టి అందరూ దాన్ని సైట్ చేస్తారు. సైటేషన్ల సంఖ్య చూడటం కన్నా, సైట్ చేసినవాళ్ళు ఏ వాక్యంలో, ఎందుకు చేశారో నాలుగు పేపర్లలో చదవండి. పరిచయ పేరాలో పదిమందితో కలిపి ఒక బ్రాకెట్లో పడేశారా, లేక ఆ పద్ధతినే తీసుకుని వాడారా? ఈ తేడా మీకు కనబడటం మొదలైతే మీరు పరిశోధకులైనట్టే.

సాఫ్ట్‌వేర్ గురించి కూడా ఒక మాట. గామా కిరణాల డేటాను విశ్లేషించే గామాపై (Gammapy) అనే పైథాన్ ప్యాకేజీని ఎంతోమంది కలిసి రాశారు. రాబోయే చెరెంకోవ్ టెలిస్కోప్ అబ్జర్వేటరీ విశ్లేషణకు దాన్నే ఆధారంగా ఎంచుకున్నారు. మీ గైడ్‌కో, ఆయన విద్యార్థులకో ఇలాంటి కోడ్‌లో చెయ్యి ఉందేమో గిట్‌హబ్‌లో చూడండి. పేపర్ల లెక్కలో చాలావరకు కనిపించని ఈ పని, రేపు మీకు ఉద్యోగం తెచ్చే పని.

ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు ఇద్దరినీ మర్యాదగా, సూటిగా అడగండి: "సార్, మీ దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? వాళ్ళు ఏ పేపర్లకు కరెస్పాండింగ్ ఆథర్లు? తక్కువ మందితో పేపర్ రాయడానికి మీ బృందం నియమాలు ఒప్పుకుంటాయా? నేను చేరిన మొదటి ఏడాదిలోనే డేటా చేతికి వస్తుందా?" పెద్ద బృందాల్లో ఒక పేపర్ లోపలి సమీక్ష దాటడానికే ఏడాది పట్టడం మామూలు. మీ థీసిస్ మొత్తం అలాంటి పేపర్ల మీదే ఆధారపడితే, నాలుగో ఏడాదికి కూడా చేతిలో ఏమీ ఉండకపోవచ్చు. ఫెర్మి, ఆస్ట్రోశాట్ లాంటి బహిరంగ డేటాతో ఒక చిన్న పని పక్కన నడిపించే గైడ్ అయితే ఆ భయం తగ్గుతుంది. వీలైతే ప్రస్తుత విద్యార్థులతో గైడ్ లేనప్పుడు విడిగా మాట్లాడండి. నేను చెప్పిన లెక్కలన్నిటికన్నా ఆ అరగంట ఎక్కువ చెబుతుంది. మొదటివారి దగ్గర చేరితే మీకు దొరికేది పెద్ద బృందం, విదేశీ పరిచయాలు, రాత్రి షిఫ్టుల అనుభవం. రెండోవారి దగ్గర దొరికేది గైడ్ సమయం. ఈ రెండింటిలో మీకు ఇప్పుడు ఏది ఎక్కువ అవసరమో మీరే తేల్చుకోవాలి. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతాను: కోడ్ రాయడం, స్టాటిస్టిక్స్ ఇంకా పట్టు దొరకని విద్యార్థికి సమయం ఇచ్చే గైడే మేలు.

చివరిగా, మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. రావు, రెడ్డి, కుమార్ లాంటి పేర్లతో, ముందు ఒకటి రెండు ఇనిషియల్స్‌తో వెతికితే ఏ డేటాబేస్ అయినా తికమక పడుతుంది. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్నదాన్ని ఒక్కో పేపర్‌లో ఒక్కోలా రాసినవారి రికార్డు రెండు మూడు ముక్కలైపోతుంది. ఇంకొకరి పేపర్లు కొన్ని వచ్చి చేరతాయి కూడా. కాబట్టి ఆ రెండు ప్రొఫైళ్ళలోనూ వేరే రంగం పేపర్లు, వైద్యంవో కెమిస్ట్రీవో, కలిసిపోయాయేమో ముందు చూడండి. మీ విషయానికొస్తే, మొదటి పేపర్ పంపేముందే పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుకు దగ్గరగా ఒక రూపం ఖాయం చేసుకోండి, మార్చకండి. పరిశోధకులకు ఆర్కిడ్ (ORCID) అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తారు, 2012 నుంచి ఉంది. ఈ రోజే తీసుకుని, మీ ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ నుంచి పేపర్ వస్తే దానికి కూడా జతచేయండి.